శనివారం శంఖం

హలో… ఆ, నేనే. ఎలియెత్‌ని…

పెట్టేయకు! రీగో, ఫోన్ పెట్టేశావంటే మళ్ళీ చేస్తాను. మళ్ళీ పెట్టేస్తే వదినకి చేస్తాను. అదీ కాదంటే ఏరు గట్టు మీద నిలబడి నీ పేరు పెట్టి అరుస్తాను. నీ జనమంతా వింటారు.

…ఆ, మనిద్దరికీ మాటల్లేవు. నాకూ గుర్తుంది. నీ గొంతు వినాలని ముచ్చటపడి చేయలేదులే.

…ఒక్కటే అడుగుతాను, చెప్పు. శంఖం ఎక్కడుంది?

…శంఖం. అమ్మ శంఖం. గోడ మీదే ఉందా, దించి చేతిలో పట్టుకున్నావా?

…ఊదకు.

…ఇవాళ ఊదకు అంటున్నా. అందులో అర్థం కానిదేముంది? ఎండ కొండ దాటి ఇసుక మీద పడగానే ఊదుతావు కదా, ఆ పని మానుకో. అంతే.

…చూస్తున్నాను. ఏరుకి ఇవతల, నా గట్టు మీదే నిలబడి చూస్తున్నాను. నీ గుడారాల వాళ్ళంతా ఒడ్డున బారులు తీరారు. ట్యూబులు, బంతులు, కుక్కలు. నిన్న గుడ్ ఫ్రైడే, దిగితే చేపలమైపోతామని ఒక్కరు కూడా కాలు తడుపుకోలేదు, ఇవాళ నువ్వు ఊదీ ఊదగానే అందరూ ఒక్కసారి దూకుతారు. అది చూసే చేస్తున్నా.

…ఏడుపా? నాకా? దేనికి?

…నీ దగ్గర జనం కిటకిటలాడుతున్నారని ఏడుపా! రీగో, వాళ్ళకి నీ దారి చూపించింది ఎవరనుకున్నావు? మొన్న గురువారం కార్తాగో ఊరి నుంచి వచ్చిన ఆ బేకరీ ఆయన నా గేటు ముందే బండి ఆపాడు. పెళ్ళాం, ముగ్గురు ఆడపిల్లలు, బండి మీద వంటపాత్రలు, మంచం, టీవీ… ఇల్లు ఇల్లంతా కట్టుకొచ్చాడు. ‘ఎక్కడ దిగితే బాగుంటుందమ్మా, ఇటా అటా’ అని నన్నే అడిగాడు.

…నేనేమన్నానా? విను మరి. పెద్దపిల్ల సర్ఫింగ్ నేర్చుకుంటానని ఒకటే గొడవ. ఇక్కడే దించేసుకోవచ్చు నేను. ‘అలలెక్కాలంటే నా దగ్గర, చిన్నపిల్లలు నీళ్ళలో ఆడుకోవాలంటే ఏరవతల మా అన్న దగ్గర. అక్కడ సముద్రం పెంపుడు ఆవు లాంటిది. ముందు చెల్లెళ్ళ సంగతి చూడండి’ అన్నాను. నా నోటితో అన్నాను. నీతో మాటల్లేకుండానే అన్నాను.

…నువ్వు అడగలేదు. నిజమే. నీ మేలు కోరి చెప్పలేదు కూడా. ఉన్న మాట చెప్పాను. ఆవిడ పోతూ పోతూ గుమ్మడి పాకం గిన్నెడు పెట్టి వెళ్ళింది. ఇంకా బల్ల మీదే ఉంది, నోట్లో పెట్టుకోలేకపోతున్నా.

…అదే చెప్పబోతున్నా, చెప్పనిస్తేగా! ఇప్పుడది ఆవు కాదు. మేట పోయింది.

…మేట. నీ ముందర నీళ్ళ అడుగున ఉండే ఇసుక మేట. మనం పుట్టినప్పట్నుంచీ నీ వైపు కెరటాల నడ్డి విరిచి పంపేది చూడు, అది. ఈ పౌర్ణమి పోటుకి కొట్టుకుపోయింది. వచ్చి నా ముందర పడింది.

…నవ్వు. బాగా నవ్వు.

…‘ఎంత అనువుగా పడిందో’నా? అనువేంటి నీ మొహం! నా వైపు అలలు చచ్చిపోయాయి. పొద్దుట్నుంచీ నా దగ్గరున్న కుర్రాళ్ళు బోర్డులు ఇసుకలో పొడుచుకుని వాటి పక్కన పేకాడుతున్నారు. నా ముందర నీళ్ళు పసిపిల్లల్ని కూర్చోబెట్టి స్నానం చేయించేట్టున్నాయి. గేటు మీద సర్ఫింగ్ బొమ్మేసుకున్నదానికి ఇదేం అనువు?

…నీ జనాన్ని లాక్కోవడానికి ఎత్తులేస్తున్నానా? నేనా?

…మొసలి సంగతి వేరు!

…వేరంటే వేరే. ఆ, అబద్ధమే ఆడాను. నీ ఏట్లో మొసలి ఉందని నీ జనానికి చెప్పాను. ఎందుకు చెప్పాను? అమ్మ పోయి నెల తిరక్కుండా నా గేటు ముందు బాణం గుర్తు పాతావు చూడు, ‘అసలైన సముద్రం అటు’ అని! ఒళ్ళు మండి చెప్పాను. మళ్ళీ పాతితే మళ్ళీ చెబుతాను. ఇది మొసలి కాదు రీగో. ఇది నిజం.

…ఒక్క నిమిషం ఆగు. ఏం బాబూ? …లేవు, ఇవాళ కూడా అలల్లేవు. …నన్నడిగితే? పోయి సముద్రాన్ని అడుగు. …ఆ, హలో. నా దగ్గరి కుర్రాడు. చూశావా, వాడూ తిడుతున్నాడు. ఇవాళ అందరికీ లోకువే నేను.

…నిమ్మళంగా ఉందా? ఎక్కడ? …మధ్యలోనా? రెండు పక్కలా నురగ లేస్తూ మధ్యలో మాత్రం నూనె పోసినట్టు నున్నగా ఉందా? …అదే రీగో! అదే చంపేది. పక్కల్నుంచి ఒడ్డెక్కిన నీళ్ళన్నీ ఆ సందులోంచే తిరిగి పోతున్నాయి. పోయేవి ఒట్టి చేతుల్తో పోవు. జనం దిగేది కూడా సరిగ్గా అక్కడే. నిమ్మళంగా ఉంది కదా అని.

…నాకెలా తెలుసా?

…తెలుసు.

…చూస్తే తెలుస్తుంది. …గట్టు మీంచే. …సరే. గట్టు మీంచి అంత తెలియదు.

…దిగాను.

…నిన్న.

…నిన్న అంటే నిన్నే. శుక్రవారమే. చీకటితోనే, మీరంతా చర్చిలో మోకాళ్ళ మీద ఉన్నప్పుడు, బోర్డు తీసుకుని దిగాను.

…

…అరుచుకో. గట్టిగా అరిచేయ్. కడుపులో ఏమీ దాచుకోకు.

…పొలుసులా? రాలేదు. తోక కూడా మొలవలేదు. చేపనైతే నీకు ఫోనెలా చేస్తాను? మోకాలు చెక్కుకుపోయింది, భుజం పట్టేసింది. నీ ముందర నడుము లోతులో నిలబడ్డాను, అంతే. కాళ్ళ కింద ఇసుక జారిపోయింది. చూసుకునేసరికి సముద్రంలో ఆ సన్యాసి రాయి ఉందే, దాని అవతల తేలాను. ఎంత కొట్టుకున్నా ఇటు రానివ్వలేదు. పక్కకి పక్కకి జరిగి నా వైపు ఒడ్డున పడ్డాను. బోర్డు లేకపోతే ఇవాళ నువ్వు శంఖం కాదు, నాకోసం చర్చి గంట కొట్టించేవాడివి.

…కొట్టించవా? సంతోషం.

…తిట్టుకో, కానీ తిడుతూ కూడా విను. ఈ నీళ్ళలో పుట్టి పెరిగినదాన్ని, నాకే ప్రాణం మీదికొచ్చింది. ఆ బేకరీ ఆయన చిన్నకూతురికి నడుముకి పసుపు ట్యూబు. అది చూసి వాళ్ళమ్మ ధీమాగా ఉంటుంది. ఆ ట్యూబుతో సహా పోతుంది.

…నిన్నే ఎందుకు చెప్పలేదంటే… నువ్వు ఫోనెత్తావా? పొద్దుట్నుంచీ ఆపేసి పెట్టావు, భక్తి! ఊరేగింపులో నీ పక్కకొచ్చి నిలబడ్డాను కూడా. నీ భుజం మీద సిలువ. నన్ను చూసి తల అటు తిప్పుకున్నావు. …ఆ, అక్కడే అరవాల్సింది. అరిస్తే ‘నీకెలా తెలుసు’ అని ఊరంతా అడుగుతుంది. నోరు రాలేదు. అది నా తప్పే. కన్ను మూతపడలేదు నాకు. చాలా?

…రావడానికి లేదు. పోటు తగ్గి ఏరు సముద్రంలోకి ఉరుకుతోంది, ఈదాలంటే భుజం లేవట్లేదు. రోడ్డున చుట్టి వచ్చేలోపు ఎండ ఇసుక మీద పడిపోతుంది. అందుకే ఫోన్లోనే నీ కాళ్ళు పట్టుకుంటున్నా.

…పట్టుకున్నట్టు లేదా? నాకింతకన్నా రాదు.

…మానేస్తే కొంపలేం మునగవు. అమ్మ కూడా ఒక ఏడు ఊదలేదు కదా. …ఊపిరందట్లేదని కుర్చీలో కూలబడింది, అవును. అందర్నీ నా వైపుకి తోలి ఇక్కడే పొయ్యిలు పెట్టించింది. ఆ ఏడు ఆకాశమేమన్నా ఊడిపడిందా?

…తెలుసు. అమ్మకి నువ్వంటే ప్రాణం. అందుకే బంగారం లాంటి వైపు నీకిచ్చి, ఎవరికీ పనికిరాని అలల వైపు నా మొహాన కొట్టింది. విని విని నా చెవులు తూట్లు పడ్డాయి. పంపకాల సంగతి ఇప్పుడొద్దు రీగో, ఎండ వచ్చేస్తోంది!

…నమ్మవు. సరే, నమ్మకు. ఒక పని చెయ్. చేతిలో ఏముంది? …పొద్దున్నే బోండాం తాగుతావు కదా, ఆ కాయ విసురు. నున్నగా ఉన్నచోట, నడుము లోతులో పడేట్టు. …ఏం, భయమా? …వదిన పక్కనే ఉందా? స్పీకరు పెట్టు. వదినా! మీ ఆయన కొబ్బరికాయ విసరడానికి వణికిపోతున్నాడు! కాస్త పట్టుకో పాపం!

…ఆ. విసిరావా?

…చూడు. మాట్లాడకు, ఊరికే చూడు.

…

…నువ్వే చెప్పు. ఒడ్డుకొస్తోందా?

…చెప్పకపోతే పోనీ. నాకిక్కణ్నుంచి కనిపిస్తూనే ఉంది. …ఇంత చుక్క. …ఇంకా చిన్నదైంది. …సన్యాసి రాయి దాటింది. నాకింక కనిపించట్లేదు. నీకు?

…కొబ్బరికాయకి చేతులుండవు, ఈదలేదు. నిజమే. ఆ పసుపు ట్యూబు పిల్లకి ఎంతెంత చేతులున్నాయో చూడు. నీ ముందరే నిలబడింది కదా.

…

…రీగో?

…ఆ. …సరే. తిట్టుకోవడం తర్వాత చూద్దాం. ముందు శంఖం వదిన చేతికిచ్చెయ్.

…చెప్పు వాళ్ళకి, దిగొద్దని. ఎర్రజెండా ఎగరెయ్. …లేదా? ఉండేది కదా. …గుడారానికి మాసికేశావా! బాగుంది నీ తెలివి.

…వినరు. నిజమే, వినరు. నిన్నంతా ఎండలో మాడి, నీళ్ళు ఎదురుగా పెట్టుకుని కూర్చున్నవాళ్ళు. ‘మేట జరిగింది’ అంటే నవ్వుతారు, నువ్వు నవ్వినట్టే. నీ గేటు మీద నువ్వే రాయించావాయె, ‘పసిపిల్లలకు ఉయ్యాల లాంటి సముద్రం’ అని. ఎవడో ఒకడు ‘ఏం కాదులే’ అని దూకాడంటే వెనకాల అందరూ దూకుతారు.

…ఏంటీ?

…మళ్ళీ అను ఆ మాట.

…‘మా చెల్లి శుక్రవారం దిగి సముద్రాన్ని మైలపరిచిందంటే మాత్రం వింటారు.’ …ఎగతాళికన్నావా? ఎగతాళికే అయినా పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి పనికొచ్చే మాట అన్నావు.

…చెప్పు. అదే చెప్పు.

…నిజంగానే అంటున్నా. మేట అంటే నవ్వేవాళ్ళు మైల అంటే ఆమడ దూరం జరుగుతారు. మనవాళ్ళు నాకు తెలియరా? నీళ్ళు లాక్కుపోతాయంటే ఎవడికీ లెక్కలేదు, చేపలమైపోతామంటే మాత్రం బిక్కచచ్చిపోతారు.

…నా గేటు సంగతి నీకెందుకు? అది మూతపడాలనేగా ఇన్నాళ్ళూ చూశావు. ఇదిగో, తాళం నీ చేతికే ఇస్తున్నా. వేసుకో.

…పేరుతో సహా చెప్పు. ఎలియెత్ అని. పేరు లేకపోతే పుకారనుకుంటారు. కానీ ఒకటి. అమ్మ ఊసెత్తకు. …ఎందుకో నీకనవసరం. నన్ను ఎంతైనా అను, అమ్మని మధ్యలోకి లాగకు. మాటిస్తావా? …నోటితో చెప్పు. …సరే. మైకు తీసుకో. ఫోన్ పెట్టకు, రెండో చేత్తో చెవికి పెట్టుకునే ఉండు. త్వరగా! ఎండ బాదం చెట్లు దాటింది.

…ఆ. వినిపిస్తోంది. ఏరు దాటి ఖంగుమంటోంది. గొంతు సవరించుకుంది చాలు, మొదలెట్టు.

…‘ఏరవతల ఉండే ఒక ఆడది’ ఏంటి? పేరు చెప్పమన్నానా!

…ఆ. అదీ. ‘నా సొంత చెల్లెలు ఎలియెత్.’ …‘దేవుడు చనిపోయిన రోజున.’ …‘సిగ్గూ శరమూ లేకుండా.’ అది నువ్వు కలిపింది. సరే, కానీ. …‘నీళ్ళు మైలపడ్డాయి, ఇవాళ దిగినవాడు మనిషిగా ఒడ్డెక్కడు.’ బాగుంది. అది మాత్రం అక్షరాలా నిజం.

…జరుగుతున్నారు. చూడు, చూడు, కుక్కలతో సహా వెనక్కి జరుగుతున్నారు. …ఆ ఎర్రచొక్కా వాడు! దిగుతున్నాడు, వాణ్ని… ఆ. వాళ్ళమ్మ చొక్కా పట్టుకుని లాగింది. బతికించింది. …పసుపు ట్యూబు ఏది? ఇందాక నీ ఎదురుగానే ఉంది. కనిపించట్లేదు. అన్నయ్యా, ఆ పిల్లేది? అన్నయ్యా! …ఎత్తుకుందా? ఎవరు, వాళ్ళమ్మేనా? …సిలువ గుర్తు వేసుకుని గుడారంలోకి తీసుకుపోయిందా? నీ కళ్ళతో చూశావా? …అమ్మయ్య.

…ఏమీ లేదు. గట్టు మీద కూర్చున్నా, అంతే.

…చాలింక. ఆపెయ్. పనైపోయింది.

…చాలన్నానా రీగో, ఇంకా ఏంటి? …‘దేవత లాంటి మా అమ్మ తోమాసా’…

…ఆపు!

…‘ఇలాంటిది తన కడుపున పుట్టిందని తెలిస్తే’… ఆపమంటున్నానా!

…

…మాటిచ్చావు.

…నోరు జారిందా? నీ నోట్లో నువ్వుగింజ నానదు. అమ్మకది తెలుసు. అందుకే నీకు చెప్పలేదు.

…ఏం చెప్పలేదా? …మైకు ఆపావా? ఆగిందో లేదో చూసుకో. …స్పీకరు కూడా తియ్. వదినక్కూడా వద్దు. …తీశావా? దూరంగా జరుగు.

…శుక్రవారం నన్ను మొదటిసారి నీళ్ళలో దింపింది ఎవరనుకున్నావు?

…అమ్మ.

…అబద్ధం కాదు. మొసలి లాంటిది కాదు, అమ్మ మీద ఒట్టు. నాకప్పటికి పాలపళ్ళు కూడా ఊడలేదు. చీకట్లో లేపింది. జుట్టు ముడేసుకుని, లోలంగాతోనే దిగింది. నన్ను చంకనేసుకుని ఇటు నా ముందర్నుంచి అటు నీ ముందరిదాకా నడుము లోతులో నడిచింది. ప్రతి ఏడూ నడిచింది, కాళ్ళు మాట విన్నంత కాలం. తర్వాత గట్టు మీద కూర్చుని నన్ను నడిపించింది. ‘శనివారం వీళ్ళందర్నీ నీళ్ళలోకి పిలిచేది నేను. నీళ్ళెలా ఉన్నాయో చూడకుండా ఏ మొహంతో పిలుస్తాను’ అనేది.

…పాపం కాదా అని నేనూ అడిగాను. ‘పాపం నాకుండనీ, పిల్లలు వాళ్ళ అమ్మలకుండనీ’ అంది.

…ఆ ఏడు ఊపిరందలేదని నమ్మావా నువ్వు? ఒడ్డున నిలబడి పిలిస్తే ఊళ్ళో పలికేవాళ్ళు ఆవిడకి! ఆవిడకి ఊపిరందకపోవడమా! ముందురోజు దిగి చూసింది. అప్పుడూ ఇంతే, మేట జరిగింది. చెబితే తను దిగిన సంగతి బయటపడుతుంది. అందుకని గుండె పట్టుకుని కుర్చీలో కూలబడింది. నేను పక్కన కూర్చుని విసనకర్రతో విసిరాను. నువ్వు కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చావు. నువ్వు నిజంగానే ఏడ్చావు, అదే నవ్వొస్తుంది.

…ముద్దుకొడుకువని నీకివ్వలేదు ఆ వైపు. నీళ్ళు చూడటం నీకు చాతకాదని ఇచ్చింది. చూడగలిగినదాన్ని అలల దగ్గర పెట్టింది. …లేదు, అమ్మ అలా అనలేదు. అది నా మాట. కానీ అంతే.

…ఏడుస్తున్నావా? ఏడవకు, నీ జనం చూస్తారు. చెల్లెలు చేసిన పనికి కుమిలిపోతున్నాడు అనుకుంటారు. …అనుకోనీలే. ఇవాళ అన్నీ నా ఖాతాలోవే.

…నీ జనాన్ని ఇటు తోలుకొస్తావా? ఇప్పుడా? నీ మైకు ఇక్కడిదాకా మోగింది నాయనా. నా వైపు వాళ్ళు గుడారాల మేకులు పీకుతున్నారు. ఒకావిడ నన్ను చూసి పిల్ల కళ్ళు మూసింది. ఎంత మంచి నీళ్ళనుకున్నావు ఇవాళ నా ముందర! ఊరంతా దిగొచ్చు. ఒక్కరు దిగరు.

…వద్దు. క్షమించమని గిమించమని అనకు. నా కోపం పోలేదు, పోదు కూడా. అమ్మ పేరు మైకులో ఎత్తావు.

…శంఖమా? నాకెందుకు? నీ దగ్గరే ఉంచు. వచ్చే ఏడూ నువ్వే ఊదు. కానీ ముందురోజు చీకటితో లేచి, నువ్వే దిగు. …ఆ, శుక్రవారమే. అమ్మ దిగింది, నేను దిగాను, ఇంక నీ వంతు. …చేపవైపోతావా? అయిపో. వదినకి నేను నచ్చజెబుతాలే.

…దిగనివాడు ఊదకూడదు. అంతే.

…లేదు, ఇంకేం మాట్లాడను. నా వైపు వాళ్ళు బండ్లన్నీ సర్దుకున్నారు, వెళ్ళిపోతారట, వాళ్ళకి గేటు తీయాలి. పెట్టేస్తున్నా.